1839 ఫిబ్రవరి 19 నాటి ఉత్తరం: వెస్ట్ పాయింట్ (అమెరికా సైనిక అకాడమీ) సీటుకి హామర్ సమ్మతి ఎందుకు కావాల్సొచ్చింది?

పాతకాగితం
తర్వాత అంతర్యుద్ధ సేనానీ, అమెరికా అధ్యక్షుడూ అయిన యులిసీస్ గ్రాంట్ తండ్రి జెస్సీ గ్రాంట్, ఒహాయో రాష్ట్రం జార్జ్‌టౌన్ నుంచి అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) దిగువసభ సభ్యుడు థామస్ హామర్‌కి రాసిన ఉత్తరం ఇది. నాలుగైదు వాక్యాలే. విషయం ఏంటంటే: సెనేటర్ మోరిస్ అన్న ఒక మాట పట్టుకుని, నా కొడుకు హెచ్. యులిసీస్‌కి కేడెట్ నియామకం కోసం ఆయన ద్వారానే యుద్ధశాఖకి రాశాను. మీ సమ్మతి లేనిదే కుదరదని శాఖ నుంచి ఈ పొద్దున జవాబొచ్చింది. మీ మనసులో ఇంకెవరూ లేకపోతే, మీకు ఇష్టమైతే, ఆ ముక్క శాఖకి తెలియజేయండి.

నాకు మింగుడుపడనిది ఒకటే. సెనేటర్ అంటే కాంగ్రెస్ సభ్యుడి కంటే చిన్నవాడేం కాదు కదా. ఆయన చెప్పాక కూడా హామర్ దగ్గరికి ఎందుకు పొమ్మన్నారు? అలాంటి చట్టం ఏదైనా ఉందా? వీడియోలు చేసేవాళ్లంతా "గ్రాంట్ పేరుని హామర్ తప్పు రాశాడు, హహహ" అని నవ్వేసి వెళ్లిపోతున్నారు. అసలు సంగతి ఒక్కడూ చెప్పడు.

చట్టాలచారి
1839 నాటికి చట్టం లేదు, ఆనవాయితీ ఉంది. 1802 చట్టంతో అకాడమీ మొదలైనప్పుడు ఇంజనీర్ల దళానికి 10 మంది కేడెట్లు. 1812 ఏప్రిల్ 29 చట్టం ఆ సంఖ్యని 250 దాకా పెంచింది, చదవడం రాయడం లెక్కలు బాగా వచ్చుండాలి అంది. ఎవరు ఎంపిక చెయ్యాలో మాత్రం చెప్పలేదు. నియమించేది అధ్యక్షుడు, కాగితం నడిపేది యుద్ధశాఖ కార్యదర్శి. సీట్లు అన్ని ప్రాంతాలకీ పంచాలి కాబట్టి నియోజకవర్గానికి ఒకరు చొప్పున, అక్కడి కాంగ్రెస్ సభ్యుడు చెప్పినవాణ్ణి తీసుకోవడం అలవాటైంది. అదే అలవాటుని 1843 మార్చి 1న చట్టంలో రాసేశారు: నియోజకవర్గానికి ఒకరు, పైన దేశం మొత్తానికి 10 మంది. గ్రాంట్ పట్టా పుచ్చుకుంది కూడా ఆ 1843లోనే.

జార్జ్‌టౌన్ సీటు హామర్ ఖాతాలోది. అందుకే శాఖ అటు చూపించింది. సెనేటర్ పెద్దా, సభ్యుడు పెద్దా అన్న లెక్క ఇక్కడ నడవదు.

గోదారిగట్టు
మరి జెస్సీ మొదటే హామర్‌కి రాస్తే పోయేదిగా?

ఓరుగల్లు_పటేల్
మాటల్లేవు గద వాళ్లిద్దరికి. ఒకప్పుడు పక్కా దోస్తులు, ఒకే చర్చా సంఘంల కూసున్నోళ్లు. ప్రెసిడెంటు ఆండ్రూ జాక్సన్ సర్కారు పైసలని బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్ కెల్లి తీసేసిన లొల్లి మీద ఇద్దరికీ చెడింది. హామర్ జాక్సన్ పార్టీ డెమొక్రాట్, జెస్సీ దానికి ఎదురుండే విగ్ పార్టీ దిక్కు. అప్పటిసంది పలకరింపు బంద్. గందుకే ముందుగాల మోరిస్ తొవ్వ పట్టిండు. ఆ ఉత్తరం మల్ల సదువు, యాడన్న ఒక్క తియ్యటి మాట ఉన్నదా? దోస్తానా ముచ్చట లేదు, బాగున్నవా లేదు. పని ఉన్నది, రాసిండు, అయిపాయె.

పాతకాగితం
పటేల్ అన్నా, నిజమే. "మోరిస్‌కి కిందటిసారి రాసినప్పుడు, అవసరమైతే సిఫారసుకి మిమ్మల్ని అడగమనే చెప్పాను" అని చివర్లో ఒక వాక్యం ఉంది చూడండి. మిమ్మల్ని దాటి పోలేదు సుమా అని చెప్పుకోవడం కాకపోతే ఏంటది?

స్టాంపుల_శాస్త్రి
సెనేటర్ ద్వారా పంపడంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. తపాలా ఖర్చు. 1825 చట్టం ప్రకారం ఒక్క కాగితం ఉత్తరానికి 30 మైళ్ల లోపు 6 సెంట్లు, 400 మైళ్లు దాటితే 25 సెంట్లు. రెండు కాగితాలైతే రెట్టింపు. కవరు పెడితే అదీ ఒక కాగితం కిందే లెక్క. మామూలుగా డబ్బు కట్టేది అందుకున్నవాడు. కాంగ్రెస్ సభ్యులకి, సెనేటర్లకి మాత్రం సమావేశాలు జరిగే రోజుల్లో, దానికి 60 రోజుల ముందూ వెనకా, 2 ఔన్సుల లోపు బరువున్న ఉత్తరాలు రానూ పోనూ ఉచితం. జెస్సీ మోరిస్‌కి రాసినా, హామర్‌కి రాసినా ఇరువైపులా పైసా ఖర్చు లేదు.

పెద్ద సంస్థల పేరు చెప్పుకోని చిన్నా చితకా వేలాల్లో ఇలాంటివి కొనాలనుకునేవాళ్లకి ఒక మాట. 1839 ఉత్తరం మీద స్టాంపు ఉండకూడదు, అమెరికా సర్కారు స్టాంపులు మొదలైందే 1847లో. ఆ కాలం ఉత్తరానికి సాధారణంగా విడి కవరు ఉండదు. కాగితాన్నే మడిచి, చివర లోపలికి దోపి, లక్కతోనో పిండి బిళ్లతోనో అతికించి, పై మడత మీద చిరునామా రాసేవారు. విప్పితే లక్క దగ్గర చిన్న ముక్క చిరిగి ఉంటుంది, దానికి ఎదురు మడతలో ఆ ముక్క అంటుకుని కనిపిస్తుంది. సభ్యుడు పంపినదైతే పైన కుడి మూల ఆయన సంతకం. సభ్యుడికి వచ్చినదైతే పోస్టుమాస్టరు చేత్తో రాసిన "ఫ్రీ". శుభ్రంగా, గీత పడకుండా, మడత లేకుండా ఉన్న "అసలు ఉత్తరం" కనిపించిందా, దణ్ణం పెట్టి బయటికొచ్చెయ్యండి.

బెజవాడ_బుల్లోడు
శాస్త్రిగారూ, ఫ్రీ అంటే మనవాళ్లు అప్పుడే పుట్టి ఉంటే రోజుకో ఉత్తరం పడేసేవాళ్లు 😄

స్టాంపుల_శాస్త్రి
వాళ్లూ తక్కువ తినలేదు నాయనా. ఉచిత సంతకం దుర్వినియోగం మీద కాంగ్రెస్‌లో గోల దశాబ్దాల పాటు నడిచింది.

డెలావేర్_సుబ్బు
తేదీలు కూడా చూసుకోవాలి. ఉత్తరం ఫిబ్రవరి 19 మంగళవారం. 25వ కాంగ్రెస్ గడువు మార్చి 3తో ఖతం. హామర్ మళ్లీ పోటీ చెయ్యలేదు, మోరిస్ సెనేట్ పదవీ అదే రోజు ముగుస్తుంది. అంటే జెస్సీకి ఉన్న రెండు దారులూ ఒకే రోజు మూసుకుపోతాయి. ఉత్తరం హామర్ చేతికి చేరేసరికి మూటాముల్లె సర్దుకునే వేళ అని జీవితచరిత్రకారులు రాస్తారు. పాత పగ పక్కన పెట్టి వెంటనే యుద్ధశాఖ కార్యదర్శి జోయెల్ పాయిన్‌సెట్‌కి రాసేశాడు. జెస్సీకేమో నీ కొడుక్కి నియామకం అడిగాను, వచ్చేస్తుంది, ఇంత ఆలస్యంగా ఎందుకు అడిగావు అని జవాబు.

ఒక్క రోజు ఆలస్యమైతే గ్రాంట్ లేడు, అంతర్యుద్ధం ఇంకోలా ఉండేది అని చెప్పే కథ ఇదే.

చట్టాలచారి
సుబ్బూ, ఆ ఆఖరి వాక్యం సినిమా డైలాగు. సమ్మతి ఇచ్చేది సభలో ఓటు వేసి కాదు, ఉత్తరం రాసి. కొత్త సభ్యుడు సభ కూడేదాకా ఆగక్కర్లేదు, ఇంటి నుంచి రాసినా శాఖ తీసుకుంటుంది. అసలు ప్రమాదం వేరే: కొత్తగా వచ్చినవాడికి తన మనుషులు ఉంటారు, ఖాళీ ఉందని తెలియగానే ఇంకో పేరు పంపేవాడు. జూన్ ప్రవేశ పరీక్షకి మూడు నెలలే టైము.

డెలావేర్_సుబ్బు
చారిగారూ, నేనూ అదే అంటున్నా. గడువు కంటే "ఇంకెవరూ లేకపోతే" అన్నదే కీలకం.

గోదారిగట్టు
ఖాళీ ఎలా వచ్చింది?

పాతకాగితం
పొరుగింటి డాక్టర్ బెయిలీ కొడుకు బార్ట్‌లెట్ బెయిలీ. గ్రాంట్ తన జ్ఞాపకాల్లో వివరంగా రాశాడు. ఆ అబ్బాయి ముందు చేరి, జనవరి పరీక్షకి ముందే రాజీనామా చేసి, కొన్నాళ్లు వేరే బళ్లో చదివి, మళ్లీ నియామకం తెచ్చుకున్నాడు. తర్వాతి పరీక్ష రాకముందే తీసేశారు. తండ్రి పరువు మనిషి, కొడుకుని ఇంటికి రావద్దన్నాడు. అప్పటికి టెలిగ్రాఫు లేదు, అలెగనీ కొండలకి పడమర రైళ్లు ఒకటీ అరా తప్ప లేవు. దాంతో ఆ కబురు ఊళ్లో ఎవరికీ తెలియలేదు.

సీటు ఖాళీ అని ఊరికి తెలియదు కాబట్టి పోటీ లేదు. జెస్సీకి తెలిసింది, అందుకే కదిలాడు.

చిన్నక్షరం
గ్రాంట్ చెప్పిన కాలక్రమానికీ ఈ ఉత్తరానికీ పొసగట్లేదని ఇదివరకు వేరే చోట గొడవైంది. క్రిస్మస్ సెలవులకి రిప్లీ బడి నుంచి ఇంటికొస్తే మోరిస్ ఉత్తరం అప్పుడే వచ్చిందని, నాన్న "నీకు నియామకం వస్తుందనుకుంటా" అన్నాడని గ్రాంట్ చెప్తాడు. ఇక్కడ చూస్తే "ఈ పొద్దున శాఖ నుంచి ఉత్తరం" అని ఫిబ్రవరి 19న ఉంది.

పాతకాగితం
పొసగకపోవడం ఏమీ లేదండీ, అవి రెండు వేరు వేరు ఉత్తరాలు. డిసెంబరు 1838లో వచ్చింది మోరిస్ నుంచి. ఫిబ్రవరిలో వచ్చింది యుద్ధశాఖ నుంచి. మధ్యలో జెస్సీ మోరిస్ ద్వారా శాఖకి రాశాడు. ఎవరు ఎవరికి, ఏ తేదీన అని కాగితం మీద గీసుకుంటే, జెస్సీకి హామర్ ఇచ్చిన జవాబు కాక, ఆరు ఉత్తరాలు తేలతాయి:

జెస్సీ నుంచి మోరిస్‌కి, మోరిస్ నుంచి జెస్సీకి (క్రిస్మస్), జెస్సీ నుంచి మోరిస్ మీదుగా శాఖకి, శాఖ నుంచి జెస్సీకి (ఫిబ్రవరి 19 ఉదయం చేరింది), జెస్సీ నుంచి హామర్‌కి (అదే రోజు), హామర్ నుంచి పాయిన్‌సెట్‌కి.

పేరు పాడైంది ఈ ఆరోదాంట్లో. ఐదోదాంట్లో "హెచ్. యులిసీస్" అని సరిగ్గానే ఉంది.

అట్లాంటా_అత్తయ్య
ఆ పేరు సంగతి కాస్త ఎవరైనా విడమర్చండి. అసలు పేరు హైరమ్ యులిసీస్ గ్రాంట్ కదా?

చిన్నక్షరం
అవునత్తయ్యా. 1822 ఏప్రిల్ 27న పుట్టాడు, పేరు హైరమ్ యులిసీస్. ఇంట్లోనూ ఊళ్లోనూ యులిసీస్ అనే పిలిచేవారు. హామర్‌కి పిల్లవాడు తెలుసు, హైరమ్ అన్న పేరు గుర్తులేదు. తల్లి హానా పుట్టింటి పేరు సింప్సన్. అది మధ్య పేరై ఉంటుందనుకుని "యులిసీస్ ఎస్. గ్రాంట్" అని రాశాడు.

ఓరుగల్లు_పటేల్
తమ్ముని పేరుతోని గడ్‌బిడ్ అయిందని గూడ అంటరు. శామ్యూల్ సింప్సన్ గ్రాంట్ అని ఒక తమ్ముడున్నడు, ఇంట్ల సింప్సన్ అనే పిలుస్తుండె.

చిన్నక్షరం
రెండూ అనుమానాలే పటేల్ గారూ, సింప్సన్ దగ్గరే కలుస్తాయి. నాకు తేలని ముక్క ఒకటుంది. చేతిలో ఉన్న ఉత్తరంలో "హెచ్." స్పష్టంగా ఉంది. చేతిరాతలో హెచ్‌ని ఎస్‌గా చదివాడనుకుందాం. అప్పుడు "ఎస్. యులిసీస్" కావాలి. "యులిసీస్ ఎస్." ఎలా అవుతుంది? అక్షరమూ మారింది, చోటూ మారింది. అంటే ఉత్తరం చూసి రాయలేదు, జ్ఞాపకం మీద రాసేశాడు. హడావుడిలో ఉన్న మనిషి అలాగే చేస్తాడు.

బెజవాడ_బుల్లోడు
పదో తరగతి సర్టిఫికెట్లో హెడ్మాస్టరుగారు రాసిన పుట్టినరోజుకి జీవితాంతం కేకు కోసే జాతి మనది. గ్రాంట్ బాధ మనకి తప్ప ఎవరికి అర్థమవుతుంది 😂

అట్లాంటా_అత్తయ్య
బుల్లోడూ 😂 చేరేటప్పుడు సరి చేయించుకోలేకపోయాడా మరి?

మైక్రోఫిల్మ్_మావ
ప్రయత్నించాడమ్మా. పెట్టె మీద హెచ్.యు.జి. అని పొడి అక్షరాలొస్తాయి, "హగ్" (కౌగిలి) అని తోటివాళ్లు ఏడిపిస్తారని ముందే పేర్లు తిరగేశాడని బంధువులు చెప్పుకున్నారు. 1839 మే 29న వెస్ట్ పాయింట్ చేరి అక్కడి హోటల్ పుస్తకంలో యు.హెచ్. గ్రాంట్ అని సంతకం పెట్టాడు. అకాడమీ కార్యాలయంలో మాత్రం వాషింగ్టన్ నుంచి వచ్చిన జాబితాలో యులిసీస్ ఎస్. ఉంది, ఆ పేరుకే సీటు. మార్చాలంటే యుద్ధశాఖ కార్యదర్శి అనుమతి కావాలి. పదిహేడేళ్ల కుర్రాడు పేరు కోసం శాఖతో తగువు పెట్టుకుంటాడా?

గోడ మీద అంటించిన కొత్తవాళ్ల జాబితాలో యు.ఎస్. గ్రాంట్ చూసి, యునైటెడ్ స్టేట్స్ అనీ అంకుల్ శామ్ (అమెరికా సర్కారుకి ముద్దుపేరు) అనీ పై తరగతివాళ్లు పేరు పెట్టారు. వాళ్లలో తర్వాత అంతర్యుద్ధంలో గ్రాంట్ పక్షాన పోరాడిన సేనాని షెర్మన్ ఒకడు. చివరికి అంతా "శామ్" అనే పిలిచారు. 1844లో కాబోయే భార్య జూలియాకి రాసిన ఉత్తరంలో, నా పేరులో ఎస్ ఉంది, దేనికో నాకే తెలియదు, ఏదైనా పేరు వెతికిపెట్టు అన్నాడు.

గోదారిగట్టు
చేరడానికి ఏమేం చూసేవారు అప్పుడు? ఇప్పటి మన సైనిక అకాడమీ ఎన్‌డీఏ లాంటి రాతపరీక్షలా?

మైక్రోఫిల్మ్_మావ
అంత లేదు. వయసు 16 నుంచి 21 మధ్య. ఎత్తు కనీసం 5 అడుగులు. గ్రాంట్ 5 అడుగుల 1 అంగుళం, బరువు 117 పౌన్లు, అంగుళంతో గట్టెక్కాడు. చదవడం, రాయడం, లెక్కలు. వైద్య పరీక్ష. నియామకపత్రం వచ్చాక ఒప్పుకుంటూ జవాబు, మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి రాతపూర్వకంగా ఇవ్వాలి. జూన్‌లో పరీక్ష నెగ్గితే కేడెట్, అదీ షరతుల మీద. జనవరి పరీక్ష కూడా దాటితేనే ఖాయం. చేరిన వాళ్లలో చాలామందిని ముంచేది ఆ జనవరి లెక్కల పరీక్షే. 1838 జులై 5 చట్టంతో సేవా కాలం 8 ఏళ్లకి పెరిగింది, చదువు నాలుగేళ్లూ అందులోవే. నెలకి జీతం 16 డాలర్లు, రోజుకి రెండు రేషన్లు, అంతా కలిపి 28 డాలర్లు.

1837 ఆర్థిక సంక్షోభం తర్వాత జెస్సీ లాంటి తోలు వ్యాపారికి ఇది ఎంత ఆకర్షణో ఊహించుకోండి. చదువు ఉచితం, పైగా ఎదురు జీతం. పట్టా వచ్చేసరికి గ్రాంట్ 39 మందిలో 21వ వాడు.

చరిత్రపిచ్చి
సిఫారసు ఉత్తరాల్లో జెస్సీది పొడిపొడిగా ఉంది అంటున్నారు గానీ, రచయిత ఎడ్గర్ అలన్ పో కోసం పెంపుడు తండ్రి జాన్ అలన్ 1829 మే 6న యుద్ధశాఖ కార్యదర్శి జాన్ ఈటన్‌కి రాసినది చూస్తే జెస్సీది ప్రేమలేఖ. ఇతను నాకు ఏ చుట్టమూ కాడు అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. అయినా సీటొచ్చింది. 1830 జులైలో చేరినప్పుడు అకాడమీ పుస్తకంలో వయసు 19 ఏళ్ల 5 నెలలు. నిజానికి 21 నిండాయి. 1831లో సైనిక న్యాయస్థానం బయటికి పంపింది.

దీనికి పూర్తి వ్యతిరేకం, అంతర్యుద్ధంలో గ్రాంట్‌కి ఎదురు నిలిచిన దక్షిణాది సేనాని రాబర్ట్ లీ. చుట్టం విలియం ఫిట్జ్‌హ్యూ 1824 ఫిబ్రవరి 7న అప్పటి కార్యదర్శి కల్హూన్‌కి రాశాడు, బళ్లో మాస్టారూ రాశాడు, కాంగ్రెస్ సభ్యులూ చేతులు కలిపారు, తల్లి సమ్మతి సంతకం పెట్టింది. ఇంత బలగం ఉన్నా నియామకం 1824 మార్చిలో వస్తే చేరింది 1825 జులైలో. వర్జీనియా నుంచి అడిగేవాళ్లు అంతమంది. గ్రాంట్‌కి హామర్ రాసిన సింగిల్ ఉత్తరంతో మూడు నెలల్లో పని అయిపోయింది.

ఓరుగల్లు_పటేల్
దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ ముచ్చట మర్చిపోయిన్రు. 1842ల సీటు గిబ్సన్ బుచర్‌కి వచ్చింది. ఆయన పోయి, చూసి, నాతోని కాదని తిరిగొచ్చిండు. జాక్సన్ ఆ రాజీనామా కాగితమే చేతుల పట్టుకొని వాషింగ్టన్ పోయి కాంగ్రెస్ మెంబరు శామ్యూల్ హేస్‌ని కలిసిండు. ఖాళీ అయిన సంగతి, ఎవలు నింపాలె అన్న సంగతి, ఒక్కపాలే తెచ్చిచ్చిండు. బెయిలీ సీటు లెక్కనే ఇది గూడ.

డెలావేర్_సుబ్బు
అశ్వికదళ సేనాని కస్టర్‌ది కూడా ఒహాయోనే. 1856 మేలో తనే స్వయంగా కాంగ్రెస్ సభ్యుడు జాన్ బింగ్‌హామ్‌కి రాశాడు. బింగ్‌హామ్ రిపబ్లికన్, కస్టర్ ఇల్లంతా డెమొక్రాట్లు. అయినా 1857లో సీటు. పార్టీ గోడ దాటి సంతకం పెట్టినవాడు హామర్ ఒక్కడే కాదు.

అట్లాంటా_అత్తయ్య
ఇక్కడ మన పిల్లలు కొందరు అడుగుతున్నారు, అందుకే అడుగుతున్నా. ఇప్పటికీ కాంగ్రెస్ సభ్యుడి ఉత్తరం కావాలా?

చట్టాలచారి
కావాలి. అమెరికా పౌరసత్వం తప్పనిసరి. చేరే ఏడాది జులై 1కి 17 నిండి, 23 రాకుండా ఉండాలి, పెళ్లి కాకూడదు. ఇద్దరు సెనేటర్లు, ఒక ప్రతినిధి, ఉపాధ్యక్షుడు, నలుగురికీ విడివిడిగా దరఖాస్తు పెట్టండి. ఒక్కో సభ్యుడి తరఫున ఒకేసారి అకాడమీలో 5 మంది దాకా ఉండొచ్చు. గడువులు ఒక్కో కార్యాలయానికి ఒక్కోలా ఉంటాయి, చాలావరకు పన్నెండో తరగతి మొదలైన శరదృతువులోనే. కాబట్టి పదకొండు చివర్లోనే వాళ్ల వెబ్‌సైట్ చూసుకోవాలి. జెస్సీలాగా నాన్న రాస్తే చెల్లదు, పిల్లవాడే పెట్టుకోవాలి. నామినేషన్ వేరు, అకాడమీ ప్రవేశం వేరు, రెండు ఫైళ్లూ పక్కపక్కనే నడవాలి. సేవా బాధ్యత ఇప్పటికీ 8 ఏళ్లే, కాకపోతే పట్టా తర్వాత: 5 క్రియాశీలం, 3 రిజర్వ్.

ఇంకోటి, మనవాళ్లకి ముఖ్యంగా. పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, సోషల్ సెక్యూరిటీ, బడి మార్కులు, నాలుగింటిలోనూ ఇంటిపేరు ఒకే చోట ఉందో లేదో ముందే చూసుకోండి.

బెజవాడ_బుల్లోడు
లేకపోతే అత్తయ్య మనవడు కూడా అంకుల్ శామ్ అయిపోతాడు.

గోదారిగట్టు
మన ఎన్‌డీఏకి ఈ గొడవ లేదు కదా?

చట్టాలచారి
లేదు. యూపీఎస్సీ రాతపరీక్ష, ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష. ఎంపీ లెటర్‌హెడ్ పట్టుకెళ్తే ఎవరూ చూడరు.

పాతకాగితం
మావా, ఇలాంటి దరఖాస్తు ఫైళ్లు చూడాలంటే ఎక్కడ? గ్రాంట్‌ది అచ్చయింది కాబట్టి దొరికింది, మామూలు కుర్రాళ్లవి?

మైక్రోఫిల్మ్_మావ
అమెరికా జాతీయ అభిలేఖాగారంలో, అడ్జుటెంట్ జనరల్ కార్యాలయం రికార్డుల్లో ఉన్నాయి. 1805 నుంచి 1866 దాకా కేడెట్ దరఖాస్తు కాగితాలు, మైక్రోఫిల్మ్ సంఖ్య ఎం688, మొత్తం 242 చుట్టలు. పేరుతో నేరుగా తెరిస్తే దొరకవు, ఏడాది వారీగా ఉంటాయి. ముందు దరఖాస్తుదారుల రిజిస్టరులో పేరు పట్టుకుని, అక్కడున్న ఏడాదీ సంఖ్యా రాసుకుని, అప్పుడు చుట్ట తియ్యాలి.

ఉత్తరం ఏడాదీ చేరిన ఏడాదీ ఒకటి కాకపోవచ్చు. లీ లాంటివాడి కోసం 1825లో వెతికితే ఏమీ ఉండదు, 1824లో చూడాలి. సీటు రాని వాళ్ల కాగితాలూ అందులోనే ఉంటాయి, నా దృష్టిలో అసలు సరుకు అవే. మడిచిన కాగితం వీపు మీద గుమస్తా రాసిన పేరు, రాష్ట్రం, తేదీ ముందు చదవండి. లోపలి ఉత్తరంలో పేరు ఒకలా, వీపు మీద ఇంకోలా కనిపిస్తే రెండూ నకలు రాసుకోండి, రెండు పేర్లతోనూ రిజిస్టరు వెతకండి.